కీచుమనే బ్రేకుల గురించి

బాబూ,

ఉత్తరం అందింది. నీ 1920ల నాటి రోల్స్ రాయిస్ పెడల్ నొక్కగానే కీచుమంటోందని, లైనింగులన్నీ, అంటే బ్రేకు షూల మీద రాపిడికి బిగించే పొరలన్నీ, మార్చేయమంటావా అని అడిగావు. అప్పుడే వద్దు. తప్పు లైనింగుదో కాదో ఇంకా తేలలేదు. చప్పుడు ఎక్కడ పుడుతోందో తెలిసేదాకా స్పానర్ పట్టకు.

ముందు చప్పుడు తీరు గమనించు. సన్నగా కీచుమంటే షూ (లైనింగును మోసే వంపు ముక్క) గానీ, అది లోపలి నుంచి ఒత్తే డ్రమ్ము (చక్రంతో తిరిగే గుండ్రటి డబ్బా) గానీ వణుకుతోంది. ముందుకూ వెనక్కూ పోతూ బ్రేకు వేసినప్పుడు ఒక్కసారి టక్కుమంటే ఎక్కడో వదులుంది. షూ పిన్నులు, లింకేజీ (పెడల్ నుంచి బ్రేకులకు పోయే కడ్డీలు), చక్రాల స్పోకులు చూడు. గరగరమంటే మాత్రం బండి ఆపెయ్. లైనింగును షూకు బిగించే రివెట్ల తలలు డ్రమ్మును కోసేస్తూ ఉండొచ్చు.

ఏ చక్రమో పట్టుకోవడానికి ఇంకొకరి సాయం కావాలి. నువ్వు నడక వేగంలో పోనిస్తూ బ్రేకు వెయ్యి, వాళ్ళు పక్కన నడుస్తూ వింటారు. ఈ బళ్ళలో హ్యాండ్‌బ్రేకుకు వెనక డ్రమ్ములోనే వేరే షూలుంటాయి. చప్పుడు వెనక నుంచి వస్తుంటే హ్యాండ్‌బ్రేకు కూడా వేసి చూడు. రెండింటికీ ఒకే కీచు వస్తే డ్రమ్మును, పెడల్‌కే వస్తే దాని షూలను అనుమానించు. బండి మధ్యలోంచి వస్తోందంటే సర్వో సంగతి చూడాలి, అంటే బండి కదలిక బలంతోనే పెడల్ నొక్కుడును పెంచే ఏర్పాటు. 1919లో హిస్పానో సుయిజా తెచ్చిన ఆ పద్ధతినే రోల్స్ వాళ్ళు 1924లో తమ తీరులో పెట్టుకున్నారు. గేర్‌బాక్స్ తిప్పే సర్వో పలకల మీద ఆయిల్ పడితే బ్రేకు అదురుతుంది.

డ్రమ్ము విప్పేముందు ఒక్క మాట, ఇది గట్టిగా గుర్తుపెట్టుకో. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, అది పీల్చితే ఊపిరితిత్తులను పాడుచేసే ఖనిజపు పీచు. ఆ దుమ్మును గాలి కొట్టి ఊదకు. సరైన మాస్క్ పెట్టుకుని తడిగుడ్డతో తుడిచి, గుడ్డను కవర్లో మూట కట్టెయ్. విప్పాక లైనింగ్ తడిగా నల్లగా ఉంటే యాక్సిల్ నుంచి నూనె కారుతోంది. ముందు ఆ కారుడు ఆపాలి, లేకపోతే కొత్త లైనింగ్ కూడా పాడవుతుంది. నూనె తాగిన దాన్ని కడిగి వాడదామనుకోకు, అది పనికిరాదు.

పొడిగానే ఉంటే లైనింగ్ మీద సుద్ద రాసి, డ్రమ్ము బిగించి, బ్రేకు కొద్దిగా పట్టించి తిప్పు. మళ్ళీ విప్పి సుద్ద ఎక్కడ చెరిగిందో చూడు. రెండు కొనల్లోనే చెరిగిందంటే చాలావరకు దొంగ దొరికినట్టే. కొనలు పట్టుకుని మధ్య తేలిపోతే షూ వణకక మానదు. షూ మధ్యభాగం ముందుగా తాకేలా లైనింగును కొద్దికొద్దిగా సవరించి, కొనలు ఏటవాలుగా తీయించు. ఈ పని కూడా దుమ్ము లేవకుండానే జరగాలి, అది చేతనైన చోటికే పంపు. రివెట్లలో ఒక్కటి వదులున్నా అరుపు ఖాయం.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా అరుస్తుంటే డ్రమ్మే మోగుతోందన్నమాట. మోగే గంట మీద చెయ్యి వేసినట్టు, డ్రమ్ము బయటి అంచు చుట్టూ బిగువైన స్ప్రింగ్ చుట్టిస్తే ఆ మోత అణుగుతుంది. మోత పోతుందని డ్రమ్మును లేత్ మీద పదేపదే చెక్కించకు. పల్చబడిన డ్రమ్ము ఇంకా మోగుతుంది, అలాంటిది మళ్ళీ దొరకడం కష్టం.

లైనింగ్ నిజంగానే మార్చాల్సి వస్తే ఈ కాలపు గట్టి రకం వద్దు, మెత్తటి నేత రకం అడుగు. వేశాక కొన్నాళ్ళు గట్టిగా బ్రేకు వేయకుండా, మెల్లగా ఆపుతూ షూలను డ్రమ్ముకు అలవాటు పడనివ్వు. ఆ రోజుల్లో కాస్త గొణిగినా టెన్షన్ పడకు. సుద్ద ఎక్కడ చెరిగిందో ఫొటో తీసి పంపు, చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న