బాగున్న సాఫ్ట్‌వేర్‌ని కూడా జనం ఎందుకు పక్కన పెడతారు?

మీ ప్రశ్న ఇది: "ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టి 6 నెలలైంది. ట్రైనింగ్ ఇచ్చాం, మాన్యువల్ పంచాం, పని తేలికవుతుందని చెబుతూనే ఉన్నాం. అయినా సగం మంది పాత ఎక్సెల్ షీటునే పట్టుకుని వేలాడుతున్నారు. అసలు మనుషులు కొత్త టెక్నాలజీని ఎప్పుడు ఒప్పుకుంటారు, ఎప్పుడు ఒప్పుకోరు?"

నేను 11 ఏళ్లుగా చేస్తున్న ఉద్యోగమే ఇది. కంపెనీలు కొన్న సాఫ్ట్‌వేర్‌ని వాళ్ల దగ్గరికెళ్లి పెట్టడం, అక్కడివాళ్ల చేత వాడించడం. పెట్టడానికి రెండు వారాలు చాలు. నా జుట్టు నెరిసింది మాత్రం వాడించడం దగ్గరే.

మొదటి ఏడాదే గట్టి దెబ్బ తిన్నాను, అది చెబుతాను. ఒక పెద్ద గోడౌన్. సరుకు వచ్చినప్పుడు, వెళ్లినప్పుడు చేతి స్కానర్‌తో బార్‌కోడ్ చదివిస్తే చాలు, స్టాక్ లెక్క దానంతటదే మారిపోతుంది. 3 రోజులు నేర్పించాను. అందరూ తలూపారు. స్టోర్ ఇన్‌ఛార్జి గారు 50 దాటిన మనిషి, ఆయనైతే నేను చెప్పిందంతా నోట్ చేసుకున్నారు కూడా. పని అయిపోయిందనుకుని సంతోషంగా తిరిగొచ్చేశాను.

రెండు వారాల తర్వాత రిపోర్టు తీసి చూస్తే ఎంట్రీలన్నీ ఉన్నాయి. కానీ అన్నీ సాయంత్రం ఐదున్నరకీ ఆరింటికీ మధ్యే పడ్డాయి. లారీలు పొద్దున్నుంచీ వస్తూనే ఉంటాయి కదా! అనుమానం వచ్చి వెళ్లాను. కౌంటర్ కింద అరలో పొడవాటి నోటుబుక్కు, దానికి పురికొసతో కట్టిన పెన్సిలు. రోజంతా అందులో రాసుకుని, సాయంత్రం ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టి కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు. స్కానర్ ఛార్జింగ్‌లో ఉంది. దాని మీది ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు.

ఇదేంటి సార్ అని అడిగితే ఆయన కోప్పడలేదు. పుస్తకం తిప్పి చూపించారు. కొన్ని లైన్ల చివర చిన్న చిన్న గుర్తులు. సున్నా చుడితే పెట్టె తడిసి వచ్చిందని. అడ్డగీత ఉంటే పక్క సెక్షన్‌వాళ్లు అవసరానికి పట్టుకెళ్లారు, రెండ్రోజుల్లో తిరిగిస్తారని. చుక్క పెడితే బిల్లులో ఒక లెక్క, లారీలో ఇంకో లెక్క ఉందని.

"ఇవి మీ దాంట్లో ఎక్కడ రాయాలి బాబూ?" అన్నారు.

రాసే చోటే లేదు. నేను నీళ్లు నమిలాను.

"ఇంకోటి. ఇక్కడ తప్పు పడితే కొట్టేసి, పక్కన రాసి సంతకం పెడతాను. మీ దాంట్లో తప్పు దిద్దాలంటే హెడ్డాఫీసుకి మెయిల్ పెట్టాలి. అక్కడ నా పేరు పక్కన ఎర్ర గుర్తు పడుతుందట. ఇన్నేళ్ల సర్వీసులో నాకు ఎర్ర గుర్తు లేదు."

అప్పటిదాకా ఆయనకు కంప్యూటర్ భయమేమో అనుకున్నాను. భయమూ కాదు, బద్ధకమూ కాదు. ఆయన లాభనష్టాలు బేరీజు వేసుకుని వద్దనుకున్నారు. ఆయన స్థానంలో నేనున్నా అదే పని చేసేవాణ్ణి.

ఆ తర్వాత ఈ విషయం మీద జరిగిన పరిశోధనలు చదవడం మొదలుపెట్టాను. ఎక్కువగా వినిపించే పేరు ఫ్రెడ్ డేవిస్. ఆయన 1989లో ప్రచురించిన పరిశోధనలో అడిగినవి ముఖ్యంగా రెండే ప్రశ్నలు: ఇది నా పనికి పనికొస్తుందని నాకు అనిపిస్తోందా? దీన్ని వాడటం తేలికని నాకు అనిపిస్తోందా? ఇక్కడ "అనిపించడం" అనే మాట ముఖ్యం. తయారుచేసినవాడి దృష్టిలో ఎంత ఉపయోగమైనా లాభం లేదు, వాడేవాడికి అలా అనిపించాలి. మొత్తం 152 మంది యూజర్లను, 4 ప్రోగ్రాములను తీసుకుని చూస్తే, వాడకంతో ఎక్కువ ముడిపడి ఉన్నది ఉపయోగమే. ఆ ముడి ఎంత గట్టిదో చెప్పే అంకె (1 అయితే పూర్తి ముడి) ఒక పరీక్షలో ఉపయోగానికి 0.63 వస్తే తేలికకు 0.45 వచ్చింది. రెండో పరీక్షలో 0.85, 0.59. పనికొస్తుందంటే కాస్త కష్టమైనా జనం నేర్చుకుంటారు. పనికిరానిది ఎంత తేలికైనా ముట్టుకోరు. మనం మాత్రం డబ్బూ సమయమూ అంతా తేలిక మీదే పెడతాం. బటన్ పెద్దది చేద్దాం, రంగు మారుద్దాం, ఇంకో రోజు ట్రైనింగ్ పెడదాం అంటాం.

అయితే "పనికొస్తుందా" అన్న ప్రశ్న సగమే. ఎవరికి పనికొస్తుంది అన్నది మిగతా సగం. దీన్ని 1988లోనే జొనాథన్ గ్రూడిన్ అనే పరిశోధకుడు చెప్పాడు. గుంపుగా వాడాల్సిన సాఫ్ట్‌వేర్‌లు ఎందుకు విఫలమవుతాయని చూస్తే, అదనపు పని ఒకరి మీద పడుతుంది, లాభం ఇంకొకరికి పోతుంది. ఆయన చూపిన ఉదాహరణల్లో ఒకటి ఎలక్ట్రానిక్ క్యాలెండర్. మీటింగ్ పెట్టే మేనేజర్‌కి అది వరమే, ఎవరు ఎప్పుడు ఖాళీయో క్షణంలో తెలుస్తుంది. కానీ దానికోసం మిగతా అందరూ తమ రోజంతా అందులో నింపుతూ కూర్చోవాలి. వాళ్లకేం ఒరుగుతుంది? ఇంకో నాలుగు మీటింగులు!

మా గోడౌన్ సంగతీ అచ్చం ఇదే. మధ్యాహ్నానికల్లా స్టాక్ ఎంతో తెరమీద చూసుకునేది పైన కూర్చున్న మేనేజరు. ప్రతి పెట్టెకీ స్కానర్ పట్టుకుని నిలబడేది ఇన్‌ఛార్జి గారు. నా అనుభవంలో సగానికి పైగా ప్రాజెక్టులు ఇక్కడే తడబడ్డాయి. మీ ఆఫీసులోనూ నాకు మొదటి అనుమానం దీని మీదే.

మేం చేసిన మార్పులు చిన్నవి. ఎంట్రీ పక్కన రిమార్కుల గడి పెట్టించాం. ఆయన మూడు గుర్తులనూ అలాగే, అదే ఆకారంలో బటన్లుగా ఇచ్చాం. అదే రోజు పడిన తప్పును ఆయనే దిద్దుకునేలా, ఎర్ర గుర్తు పడకుండా మార్చాం. దీనికి హెడ్డాఫీసుని ఒప్పించడానికే నెల పట్టింది, అది వేరే కథ. కానీ ఆయన్ని మార్చింది ఇవేవీ కావు. నెలాఖరున స్టాక్ ట్యాలీ చేయడానికి ఆయన రెండు రోజులు రాత్రి దాకా కూర్చునేవారు. ఆ ట్యాలీ షీటు ఒక్క క్లిక్కుతో ప్రింటయ్యేలా చేశాం. మొదటి నెల ఆ ప్రింటును తన పుస్తకంతో లైను లైనూ సరిచూసుకున్నారు. రెండో నెల అక్కడక్కడా చూశారు. మూడో నెల చూడలేదు. పుస్తకం మాత్రం ఇంకో నాలుగు నెలలు కౌంటర్ కిందే ఉంది, నేనూ తీసేయమనలేదు.

ఇక్కడ ఇంకో విషయం గమనించాను. నేను 3 రోజులు గొంతు చించుకున్నా కదలని పక్క సెక్షన్‌వాళ్లు, ఈయన నెలాఖరున ఆరింటికే ఇంటికెళ్లడం చూసి వాళ్లంతట వాళ్లే వచ్చి అడిగారు. ఇది కొత్త సంగతేమీ కాదు. అమెరికాలోని అయోవాలో హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం రైతుల్లో ఎలా పాకిందో రయాన్, గ్రాస్ అనే ఇద్దరు 1943లో ప్రచురించారు. 259 మంది రైతుల్లో ఇద్దరు తప్ప అందరూ 1928కీ 1941కీ మధ్య దానికి మారారు. విత్తనం గురించి మొదట చాలామందికి చెప్పింది సేల్స్‌మన్లు. కానీ నమ్మకం కలిగించింది ఎక్కువగా ఇరుగుపొరుగు రైతులు. పైగా చాలామంది ముందు కొద్ది నేలలో వేసి చూసుకున్నాకే పొలమంతా వేశారు. ట్రైనింగ్ ఇచ్చే నాలాంటివాడు ఆ సేల్స్‌మన్ లాంటివాడే. కబురు చేరవేయగలను, అంతవరకే. అందుకే ఇప్పుడు ఎక్కడికెళ్లినా ముందు ఉత్తుత్తి డేటాతో ఒక కాపీ పెట్టి, పాడుచేసినా ఏం కాదు, ఆడుకోండి అని వదిలేస్తాను.

మరి ఆర్డర్ వేస్తే? సోమవారం నుంచి పాత పద్ధతి బంద్ అని మేనేజ్‌మెంట్ చెబితే వాడరా అని మీరు అడగొచ్చు. వాడతారు. 2003లో వెంకటేశ్, మోరిస్, ఇద్దరు డేవిస్‌లు (ఒకరు పైన చెప్పిన ఫ్రెడ్ డేవిసే) అనే పరిశోధకులు కలిసి, జనం టెక్నాలజీని ఎందుకు ఒప్పుకుంటారో చెప్పే 8 పాత సిద్ధాంతాలను ఒకచోట చేర్చి చూశారు. పైవాళ్లూ తోటివాళ్లూ ఏమనుకుంటారన్నది వాడకం తప్పనిసరైన చోటే పనిచేస్తుందని, అనుభవం పెరిగేకొద్దీ దాని పట్టు సడలుతుందని తేలింది. నేను చూసింది ఇంకా ఘోరం. ఒకచోట కస్టమర్ పుట్టిన తేదీ నింపితే గానీ స్క్రీన్ ముందుకు కదలదు. మూడు నెలల తర్వాత చూస్తే కస్టమర్లలో చాలామంది జనవరి 1నే పుట్టారు! ఆర్డర్‌తో వాడకం వస్తుంది, డేటా రాదు.

అలవాటు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో నేనే నిందితుణ్ణి. ఇంగ్లీషు కీబోర్డుకి డ్వోరాక్ అని ఇంకో అమరిక ఉంది, 1936లో పేటెంట్ అయింది. ఎక్కువగా వాడే అక్షరాలు వేళ్ల కిందే ఉంటాయి, వేళ్లు తక్కువ తిరుగుతాయి. ఊళ్లో అందరికీ కొత్తవి నేర్పేవాణ్ణి, నేను నేర్చుకోలేనా అని రెండు వారాలు ప్రయత్నించాను. పాత వేగంలో సగం కూడా రాలేదు. మూడో వారం ఒక అర్జెంటు మెయిల్ టైప్ చేయాల్సి వచ్చి పాత అమరికకి మార్చాను. ఇప్పటికీ దాంట్లోనే ఉన్నాను. కొత్తది మంచిదే కావచ్చు. కానీ దాన్ని అందుకునేలోపు కొన్నాళ్లు మనం చేతకానివాళ్లలా కనపడాలి. పదిమందిలో పనిమంతుడని పేరున్నవాడికి అది చాలా ఇబ్బంది. మీ ఆఫీసులో బాగా మొండికేస్తున్నది సీనియర్లేనా? అయితే కారణం వయసు కాకపోవచ్చు. పాత పద్ధతిలో వాళ్లే మొనగాళ్లు, కొత్తదాంట్లో నిన్న చేరిన కుర్రాడితో సమానం. మా ఇన్‌ఛార్జి గారు ఏ ట్రైనింగూ లేకుండానే రోజూ రాత్రి మనవరాలితో వీడియో కాల్ మాట్లాడేవారు మరి.

నెట్‌వర్క్ అందని మూలలు, మాటిమాటికీ లాగౌట్ అయ్యే స్క్రీన్లు, సందేహమొస్తే ఫోన్ ఎత్తే మనిషి లేకపోవడం లాంటివి మీరే చూసుకోగలరు. వాటి గురించి పొడిగించను.

మీరు రేపు చేయాల్సింది ఇంకో ట్రైనింగ్ మాత్రం కాదు. ముందు మీ సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు రోజులో ఏ టైముకి పడుతున్నాయో చూడండి. అన్నీ సాయంత్రం ఒకే గంటలో పడుతుంటే, అసలు పని ఇంకెక్కడో జరుగుతోందన్నమాట. తర్వాత ఆ ఎక్సెల్ షీటు వాడేవాళ్లలో ఒకరి పక్కన ఓ పూట కూర్చోండి. తప్పు పట్టడానికి వచ్చారనుకుంటే షీటు మూసేస్తారు, కాబట్టి మేనేజర్‌ని వెంటబెట్టుకుని వెళ్లకండి. ఆ షీటులో మీ సాఫ్ట్‌వేర్‌లో లేని కాలమ్‌లు ఎన్నున్నాయో, అవి దేనికో అడిగి రాసుకోండి. ముఖ్యంగా చివరి కాలమ్. దానికి హెడ్డింగ్ ఉండకపోవచ్చు, రంగులో, చుక్కలో మాత్రమే ఉండొచ్చు.