ఆ కాపురం ఇనుమా, వెండా?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. మొదటి పేజీలో పెళ్లినాటి వెండి గ్లాసు తుప్పు పట్టిందన్నావు, చివర్లో వాళ్ల కాపురమూ అలాగే తుప్పు పట్టిందన్నావు. రెండు చోట్లా తుప్పు కొట్టెయ్. అది ఇనుముకే పడుతుంది. చదివేవాళ్లకి అర్థమైతే చాలదా అనుకోకు, నీ కథంతా ఆ తేడాలోనే ఉంది.

ఇనుముకి నీరూ గాలీ కలిసి తగిలితే తుప్పు. గుల్లగా ఉబ్బి పెచ్చులూడుతుంది, ఊడినచోట లోపలి ఇనుముకి మళ్లీ మొదలు. వదిలేస్తే ఏమీ మిగలదు. రాగి అలా కాదు. ముందు గోధుమరంగుకి తిరిగి, నల్లబడి, ఏళ్ల తరబడి ఎండావానల్లో ఉంటే పచ్చటి చిలుము కడుతుంది. ఆ పొర కింది రాగిని కాపాడుతుంది. న్యూయార్క్ స్వేచ్ఛా ప్రతిమ 1886లో రాగి రంగులోనే ఉండేది. పైన రంగు మారినా రేకు నిలిచింది. లోపలి ఇనుప కమ్మీలే రాగికి ఆనిన చోట తుప్పుతో ఉబ్బి, రివెట్లను లాగేశాయి. 1984-86 మరమ్మతుల్లో వాటిని తీసి స్టెయిన్‌లెస్ స్టీలువి వేశారు. పైకి పచ్చగా, లోపల చట్రం పుచ్చిన సంసారం గురించి ఎప్పుడైనా రాస్తే ఇది పనికొస్తుంది.

నీ దంపతులు వెండి. వాళ్లకి గొడవల్లేవు, మాటలు తగ్గాయంతే. వెండిని నలుపు చేసేది గాలిలో కలిసిన గంధకం. గ్లాసుకి రబ్బరుబ్యాండు వేసి బీరువాలో దాస్తే, రబ్బరులోని గంధకానికి ఆ బ్యాండు మేర నల్లటి గీత పడుతుంది. జాగ్రత్తగా దాచడమే మరక తెచ్చింది. ఆ గీత చూపించు, "దూరం పెరిగింది" అనే వాక్యం అక్కర్లేదు.

ముగింపులో ఆమె గ్లాసుని బూడిదతో గట్టిగా తోముతుంది. అలా తోమితే నలుపుగా మారిన వెండీ పోతుంది, కింది వెండీ కొంత అరుగుతుంది, చెక్కించిన పేర్లూ చెరుగుతాయి. అరగకుండా తీయాలంటే గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, గ్లాసుని దానికి ఆనించి, లీటరు మరిగిన నీళ్లలో పెద్ద చెంచాడు వంటసోడా కలిపి పోయాలి. గంధకం అల్యూమినియానికి పోతుంది, వెండి గ్లాసుకే మిగులుతుంది. ఫాయిల్‌కి ఆనకపోతే ఫలితం ఉండదు. రాళ్లు పొదిగిన వస్తువులకి మాత్రం ఈ పద్ధతి వద్దు.

ఆమె ఏ దారి పట్టిందో తేల్చుకో. పేర్లు చెరిగేదాకా తోమితే అది వేరే కథ, ముందు నుంచీ మార్చాలి. తిరగరాసి పంపు, చూస్తాను.