ఏడో నిమిషం నుంచి చూడమన్నారు

ఉత్తరం: నాకు 43 ఏళ్ళు. హైదరాబాద్‌లో ఉద్యోగం. నాన్నగారు పోయాక, రెండేళ్ళ క్రితం అమ్మను (68) అమలాపురం దగ్గర మా ఊరి నుంచి తీసుకొచ్చి మా దగ్గరే ఉంచుకున్నాం. మా అపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్ళు నెలకోసారి కింద హాల్లో కూర్చుని, ఇష్టమైన విషయం మీద తలా పది నిమిషాలు మాట్లాడతారు. ఒకాయన పాత రేడియోల రిపేరు గురించి, ఇంకొకాయన స్టాంపుల గురించి చాలా బాగా చెప్పారు. పోయిన నెల అమ్మ ఏదో ముగ్గుల గురించి మాట్లాడింది. మధ్యలో మా ఇంటి సంగతి ఎత్తి, ‘ఇక్కడ గుమ్మం ఉంది గానీ వాకిలి లేదు’ అంది. అప్పట్నుంచి పక్క ఫ్లాట్ల వాళ్ళు ‘అమ్మగారికి ఇక్కడ బాగాలేదా’ అని అడుగుతున్నారు. నాకు తల కొట్టేసినట్టుంది. నా భార్య కూడా బాధపడుతోంది. అత్తాకోడళ్ళ మధ్య ఇది పెద్దదవుతుందేమోనని టెన్షన్. అమ్మేమో మళ్ళీ మాట్లాడతానని పేరిచ్చింది. ఆవిడ నొచ్చుకోకుండా మాన్పించడం ఎలా? కనీసం భక్తి గురించి మాట్లాడమని చెప్పనా? నా భార్య తీసిన వీడియో పంపుతున్నాను. ఏడో నిమిషం నుంచి చూడండి చాలు.

జవాబు: మాన్పించకండి. మీరు అడిగినదానికి నా జవాబు అంతే.

మీరు అడగనిదాని గురించి చెప్తాను. ఉత్తరంలో ‘ఏదో ముగ్గుల గురించి’ అని రాశారు. ఆ ‘ఏదో’ దగ్గర ఆగిపోయాను. రేడియోలాయనకు, స్టాంపులాయనకు ‘ఏదో’ పడలేదు. వాళ్ళది హాబీ, అమ్మది ఇంటిపని అని మన బుర్రల్లో ఎప్పుడో పడిపోయింది.

వీడియో నేను మొదటి నుంచి చూశాను. రెండుసార్లు. మొదటి నిమిషం అమ్మగారి గొంతు వణికింది, పమిట చెంగు వేలికి చుట్టుకుంటూ నిలబడ్డారు. బోర్డు మీద చుక్కలు పెట్టడం మొదలుపెట్టగానే ఆ వణుకు పోయింది. ఒక మెలిక ముగ్గు వేసి చూపించారు. గీత చుక్కల మధ్య నుంచి తిరిగి తిరిగి, మొదలుపెట్టిన చోటికే వచ్చి కలిసింది. హాల్లో ఎవరో ‘అబ్బ’ అన్నారు. తర్వాత, పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేదాకా పెడితే మొత్తం 169 చుక్కలని కాగితం చూడకుండా చెప్పారు. నేను పెన్సిల్ తీసుకుని కూడాను. మధ్య వరస 15, దానికి అటూ ఇటూ 14 నుంచి 8 దాకా ఏడేసి వరసలు. సరిగ్గా 169.

ఇది చిన్న విద్య కాదు. తమిళులు కోలం అనే ఈ ముగ్గుల మీదే మద్రాసులో గిఫ్ట్ సిరోమనీ, రాణీ సిరోమనీ, కమలా కృతివాసన్ అనే పరిశోధకులు కూర్చుని, వాటి గీతలకు కంప్యూటర్ భాషల పద్ధతిలో వ్యాకరణం రాసి 1974లో పరిశోధన పత్రం వేశారు. అలాంటి విద్య మీ ఇంట్లో, మీ అమ్మ చేతిలో ఉంది.

మూడో నిమిషంలో ఆవిడ మీ గురించి చెప్పారు. ధనుర్మాసంలో నెల పట్టాక, తెల్లారుజామున ఆవిడ కళ్ళాపి చల్లి ముగ్గు పెడుతుంటే, నాలుగేళ్ళ మీరు దుప్పటి కప్పుకుని అరుగు మీద కూర్చుని చుక్కలు లెక్కపెట్టేవారట. తప్పు లెక్కపెడితే ఆవిడ ఒక చుక్క ఎక్కువ పెట్టినట్టు నటించేవారట. ‘మా అబ్బాయికి ఒంట్లు వచ్చింది పలక మీద కాదు, మా వాకిట్లో’ అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహం చూడాలి మీరు. మీరు ఏడో నిమిషం నుంచి చూశారు.

ఏడో నిమిషంలో కూడా ఒక్క వాక్యం దగ్గరే ఆగినట్టున్నారు. ‘ఇక్కడ గుమ్మం ఉంది గానీ వాకిలి లేదు’ తర్వాత ఆవిడ ఏమన్నారో విన్నారా? ‘అందుకని నోట్‌బుక్కులో వేస్తున్నాను, మా మనవరాలు రంగులు నింపుతుంది’ అన్నారు. దీన్లో ఫిర్యాదు ఏముంది? ఫ్లాటుకి వాకిలి ఉండదు, ఉన్న మాటే చెప్పారు. నలభై ఏళ్ళు రోజూ పొద్దున్నే వాకిలి ఊడ్చి ముగ్గేసిన మనిషి, ఆ ఒక్క మాట కూడా అనకూడదా?

ఇక అత్తాకోడళ్ళ సంగతి. ఉత్తరంలో దాని గురించి టెన్షన్ అని రాశారు, వీడియోలో నాకు మాత్రం అది కనిపించలేదు. పది నిమిషాలూ ఫోన్ కదలకుండా పట్టుకుంది మీ భార్య. చివర్లో చప్పట్లలో అన్నిటికన్నా దగ్గరగా వినిపించినవి ఆవిడవే. ఆవిడ బాధపడింది అంటే, పక్కవాళ్ళ ప్రశ్నకా, మీ మొహం మాడిపోయినందుకా? అడిగి తెలుసుకోండి. కొడుకు తల్లితో తేల్చుకోవాల్సినదాన్ని కోడలి మీదికి నెట్టడం మన ఇళ్ళల్లో బాగా అలవాటైపోయింది. నాకు అది అస్సలు నచ్చదు.

సమస్య మీకూ మీ అమ్మకూ మధ్య ఉంది. మీరు చెడ్డ కొడుకని అనడం లేదు. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం తిండి, బట్ట, ఇల్లు, వైద్యం అని లెక్క చెప్పింది. ఆ నాలుగింట్లో మీరు ఏ లోటూ చేసి ఉండరు. కానీ రోజూ ఆవిడతో మాట్లాడే మాటలు ఒక్కరోజు గుర్తుపెట్టుకుని చూడండి. ‘టాబ్లెట్ వేసుకున్నావా, తిన్నావా, మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది.’ ఇంతేనా? పెద్దవాళ్ళను మనం బీపీ, షుగర్ గురించే అడుగుతాం, మళ్ళీ ‘వాళ్ళకి రోగాల గోల తప్ప ఇంకేం లేదు’ అని మనమే అంటాం. ఆ హాల్లో ఆవిడకు దొరికిన పది నిమిషాల్లో ఆవిడ ఒక్క మాత్ర పేరు కూడా ఎత్తలేదు.

భక్తి గురించి మాట్లాడమని చెప్పనా అన్నారు. దేవుడి మీద నాకూ భక్తి ఉంది. కానీ 68 ఏళ్ళ మనిషిని ‘కృష్ణా రామా అనుకుంటూ ఓ మూల కూర్చో’ అనడానికి భక్తిని అడ్డం పెట్టుకుంటే ఊరుకోలేను. ఆవిడకు ఏది ఇష్టమో ఆవిడే చెప్పారు. ఇంకొకరు ఎంచి ఇవ్వడం దేనికి?

పక్కవాళ్ళు మళ్ళీ అడిగితే, ‘అవునండీ, అమ్మకి వాకిలి లేదు, ఏం చేద్దామో చెప్పండి’ అనండి. తల దించుకోవాల్సింది ఏమీ లేదు. అసోసియేషన్ వాళ్ళతో మాట్లాడి, మీ గుమ్మం ముందు కారిడార్‌లో రెండడుగుల చోటు అడగండి. కుదరకపోతే నెల పట్టాక టెర్రస్ మీద ఒక మూల. డిసెంబర్ 16 ప్రాంతంలో నెల పడుతుంది, అప్పటికి తేల్చండి. పొద్దున ఆఫీసు హడావిడి ఉంటుందని నాకు తెలుసు. వారానికి ఒక్క ఆదివారమైనా కాఫీ కప్పు పట్టుకుని ఆవిడ పక్కన కూర్చుని చుక్కలు లెక్కపెట్టండి.

ఈ రాత్రికి మాత్రం వీడియో మొదటి నుంచి చూడండి, అమ్మ పక్కన కూర్చుని. సారీ చెప్పాలనిపిస్తే చెప్పండి, చెప్పలేకపోతే మూడో నిమిషం ఇంకోసారి వెనక్కి తిప్పి పెట్టండి. ఆవిడకు అర్థమవుతుంది.

పదో నిమిషంలో ఆవిడ కనుమ నాటి రథం ముగ్గు మొదలుపెట్టారు. చక్రాలు వేశారు, రథం నుంచి తాడు లాగి పక్కింటి వైపు వదిలారు. ఆ తాడు పక్కింటి ముగ్గుకి ఎందుకు కలుపుతారో చెప్పబోతుంటే టైం అయిపోయిందని గంట కొట్టారు. ‘అది వచ్చేసారి చెప్తాను’ అని చాక్‌పీసు బల్ల మీద పెట్టి కూర్చున్నారు. పేరిచ్చింది అందుకే. ఆ రోజు మీరు ముందు వరసలో ఉండండి.