జగ్‌హెడ్ టోపీ: ఒక యువ రచయితకు లేఖ

యువ మిత్రులకు,

ఆశీస్సులు. అమెరికాలో 1940ల నుంచి 1970ల దాకా వచ్చిన కుర్రకారు హాస్య కామిక్స్ మీద మీరు రాసిన వ్యాసం చేరి మూడు వారాలయింది. మొదటిసారి చదివి పక్కన పెట్టాను. మళ్లీ చేతిలోకి తీసుకున్నది పదకొండో పేజీలోని ఒక వాక్యం వల్ల. నడివయసు మగవాళ్లు తమకు తెలియని కుర్రాళ్ల మాటను, వేషాన్ని, పాటను అనుకరించబోయి పడిన పాట్లే ఈ కామిక్స్ చరిత్ర అని రాశారు మీరు. వాక్యం వినసొంపుగా కుదిరింది. కానీ అది నిజం కాదు. వినసొంపుగా కుదిరిన అబద్ధాన్ని ఒక రచయిత తొలి రోజుల్లోనే కొట్టివేయడం నేర్చుకోకపోతే తర్వాత నేర్చుకోవడం కష్టం కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు వయసు సంగతి చూడండి. 1941 డిసెంబరు తేదీతో వచ్చిన పెప్ కామిక్స్ 22వ సంచికలో ఆర్చీ అనే స్కూలు కుర్రవాణ్ణి మొదటిసారి గీసిన బాబ్ మోంటానాకు అప్పటికి ఇరవయ్యొక్కేళ్లు. మసాచుసెట్స్‌లోని హేవర్‌హిల్ పట్టణంలో అతను ఉన్నత పాఠశాల చదువు చదివిన రోజులు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. ఇక మగవాళ్ల సంగతి. 1944లో పాట్సీ వాకర్ అనే పాత్రను, ఆ మరుసటి ఏడాది మిల్లీ ద మోడల్ అనే పాత్రను తొలిసారి గీసింది రూత్ అట్కిన్సన్ అనే స్త్రీ. ఆమె పేరు మీ వ్యాసంలో ఎక్కడా లేదు. అన్నిటికంటే ముఖ్యంగా కామిక్స్ రచయిత జాన్ స్టాన్లీని మీరు ఒక్క పంక్తిలో దాటేశారు. డెల్ అనే ప్రచురణ సంస్థకు ఆయన "థర్టీన్ గోయింగ్ ఆన్ ఎయిటీన్" అనే కామిక్స్ మొదలుపెట్టింది 1961లో, అంటే తన నలభై ఏడో ఏట. వాల్, జూడీ అనే ఇద్దరమ్మాయిల స్నేహం, వారి అసూయ, ఫోను మోగుతుందా మోగదా అని గది మధ్యలో నిలబడి పడే యాతన ఆయన రాసినంత దగ్గరగా ఆ కాలపు కామిక్స్‌లో ఇంకెవరూ రాయలేదని నా నమ్మకం. మీ సూత్రం ప్రకారం ఆయన ఘోరంగా విఫలం కావాలి. వ్యాసం సూత్రానికి అడ్డొచ్చినవాణ్ణి ఒక్క పంక్తిలో దాటేస్తే పాఠకుడు గమనించడని అనుకోకండి.

అసలు చిక్కు రచయిత వయసులో లేదు, అచ్చు పనిలో ఉంది. కథ రాయాలి, పెన్సిల్‌తో గీయాలి, అక్షరాలు రాయాలి, సిరా దిద్దాలి, రంగులు వేయాలి, ప్లేట్లు తయారవ్వాలి, ముద్రించి దేశమంతా దుకాణాలకు చేర్చాలి. ఇదంతా నెలల వ్యవహారం. వీధిలో పుట్టిన పోకడను ఎంత కుర్రవాడు, ఎంత వేగంగా పట్టుకున్నా, అది పుస్తకమై దుకాణం ముందుకు వచ్చేసరికి వీధి దాన్ని వదిలి ముందుకు పోయి ఉంటుంది. బ్రిటన్ పాటల బృందం బీటిల్స్ అమెరికాలో కాలు మోపింది 1964 ఫిబ్రవరిలో. బ్రిటన్ నుంచి వచ్చి ఒక అమెరికా పట్టణంలో స్థిరపడిన పాప్ గాయకుడి కథగా డీసీ అనే కామిక్స్ సంస్థ "స్వింగ్ విత్ స్కూటర్" ప్రారంభించింది 1966లో. కొన్నేళ్లకే ఆ గాయకుడి బ్రిటిష్‌తనం, పాటలు అన్నీ వెనక్కిపోయి, పుస్తకం చూడటానికి ఆర్చీకి నకలులా తయారై, 1972లో ఆగిపోయింది. ఇది మీరూ రాశారు. ఎందుకు ఆగిందో మాత్రం రాయలేదు. స్కూటర్ అనే ఆ గాయకుడికి గిటారు ఉంది, జుట్టు ఉంది, పేరు ఉంది. అతనికి లేనిదేమిటో, కావలసిందేమిటో ఎవరూ ఆలోచించలేదు. మోజు తీరిపోయిన రోజున అతని దగ్గర మిగలడానికి ఏమీ లేకపోయింది.

నేను నలభై ఏళ్లుగా పట్టుకుని వేలాడుతున్న మాట ఒకటుంది, మీకూ చెబుతాను. ఫ్యాషన్‌ను పాత్ర ఒంటి మీద చూడకండి, పాత్ర జేబులో చూడండి. ఆ వస్తువు అతనికి ఎలా వచ్చింది, దాని కోసం ఏం వదులుకున్నాడు, కొనలేకపోతే దాని బదులు ఏం చేసుకున్నాడు అన్న మూడు ప్రశ్నలకు జవాబు ఉన్న ఫ్యాషన్ కథలో నిలుస్తుంది, లేనిది రాలిపోతుంది.

ఆర్చీ నేస్తం జగ్‌హెడ్ తల మీది టోపీని చూడండి. మీరు దాన్ని కిరీటం అని రాశారు. అది కిరీటం కాదు. 1930లలో, 40లలో అమెరికా కుర్రాళ్లు పెద్దవాళ్లు పెట్టుకుని పెట్టుకుని పారేసిన ఫెల్టు టోపీని తీసుకుని, దాని అంచును కత్తెరతో రంపపు పళ్లలా కత్తిరించి, పైకి మడిచి, దానికి సీసా మూతలు, బిళ్లలు గుచ్చుకుని తిరిగేవారు. మెకానిక్కుల షెడ్లలోనూ ఆ టోపీ కనిపించేది. కొంతకాలానికి వీధుల్లో అది మాయమైంది. జగ్‌హెడ్ తల మీద మాత్రం దశాబ్దాల పాటు ఉండిపోయింది. దాన్ని తెచ్చిన మోజు ఏమిటో ఈనాటి పాఠకుడికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. పైసా ఖర్చు లేకుండా, ఒక పెద్దమనిషి పారేసిన హుందాతనాన్ని కత్తెరతో తన ఆటవస్తువుగా మార్చుకున్న కుర్రవాడు ఆ టోపీలో కనిపిస్తున్నాడు. అమ్మాయిల కోసం, కొత్త కార్ల కోసం పరుగెత్తే ఊళ్లో పరుగెత్తనివాడు జగ్‌హెడ్ ఒక్కడే. ఆ టోపీ అతని స్వభావం నుంచి మొలిచినట్టు ఉంటుంది. ఆర్చీ డొక్కు కారు కూడా అంతే. తోటి కుర్రాడు రెజ్జీ దగ్గర కొత్త కారు ఉండటం, స్నేహితురాలు వెరోనికా తండ్రి కోటీశ్వరుడు కావడం వల్లనే ఆ డొక్కు కారుకు ప్రాణం వచ్చింది. 1983లో దాన్ని కథలో ధ్వంసం చేసి కొత్త కారు ఇచ్చారు. అది పొరపాటని నేను ఇప్పటికీ అంటాను.

ఈ మాట నాకు ఆ కామిక్స్ చదివి తట్టలేదు. 1970ల చివర్లో నేను హైదరాబాదులో డిగ్రీ చదివేటప్పుడు మా తరగతిలో బెల్‌బాటమ్ ప్యాంటు లేనివాణ్ణి నేనొక్కణ్ణే. మా నాన్నగారి పాత ప్యాంటు రెండు కాళ్లనూ మోకాళ్ల కింది నుంచి విప్పించి, దర్జీ చేత మూడు మూలల గుడ్డ ముక్కలు వేయించి, బెల్‌బాటమ్ చేయించుకున్నాను. ముక్క రంగు ప్యాంటు రంగుతో కలవలేదు. ఏడాదంతా ఆ ముక్క కనిపించకుండా నడవడం ఎలాగో నేర్చుకున్నాను. కొన్నేళ్ల తర్వాత దాన్ని కథగా రాసి ఒక వారపత్రికకు పంపితే, బెల్‌బాటమ్‌లు పోయి చాలాకాలమైంది, ఇప్పటి యువత దీన్ని చదవదని రాసి ఆ సంపాదకుడు తిప్పి పంపాడు. అదే సంపాదకుడు 1990ల చివర్లో నా చేత ఒక కాలేజీ సీరియల్ రాయించుకుంటూ, యూత్ టచ్ తగ్గింది, హీరో నడుముకు ఒక పేజర్ పెట్టండి అన్నాడు. నాకు ఇంట్లో అవసరాలు ఉన్నాయి, పెట్టాను. పేజర్ల కాలం మన దేశంలో ఎంత స్వల్పమో మీకు తెలుసు. ఆ సీరియల్‌ను పుస్తకంగా వేయడానికి ఈనాటి దాకా ఎవరూ ముందుకు రాలేదు, వచ్చినా నేను ఇవ్వను. తిప్పి పంపిన బెల్‌బాటమ్ కథ ఒక చిన్న పత్రికలో అచ్చయింది. దాన్ని చదివి, తన అక్క చీరతో కుట్టించుకున్న పంజాబీ డ్రెస్సు సంగతి రాసిన పాఠకురాలి ఉత్తరం నా బల్ల సొరుగులో ఇప్పటికీ ఉంది. ఆ సంపాదకుడి మీద నా కోపం చల్లారలేదు. ఫ్యాషన్ పోయిందని ఆయన చూశాడు, ముక్క కలవలేదన్నది ఆయన చూడలేదు.

ఇంకొక సాక్ష్యం చెబుతాను, ఇది మీకు బాగా పనికొస్తుంది. ఆర్చీ డైజెస్టులు నాకు దొరికింది ఆదివారాలు అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో. ఆ డైజెస్టుల్లో వేర్వేరు దశాబ్దాల కథలు కలిసిపోయి ఉండేవి. ఒక కథలో అమ్మాయిలు నిలువు గౌన్లలో ఉంటే తర్వాతి కథలో మినీ స్కర్టులు, ఆ తర్వాతి దానిలో బెల్‌బాటమ్‌లు. ఏది ఎప్పటిదో మాకు తెలిసే మార్గం లేదు. వాళ్లు ఆడే డాన్సుల పేర్లు, వాళ్లు ఎగతాళి చేసే గాయకుల పేర్లు మాకు శూన్యం. గూఢచారుల సినిమాల మోజులో ఆర్చీని గూఢచారిని చేసిన కథలు, బ్యాట్‌మ్యాన్ టీవీలో ఊపేస్తున్న 1960ల నడుమ అతన్ని ప్యూర్‌హార్ట్ అనే ముసుగువీరుణ్ణి చేసిన కథలు మేము తిప్పేసి వదిలేసేవాళ్లం. విందుకు పిలిచిన అమ్మాయి ముందు బిల్లు చూసి ఆర్చీ ముఖం పాలిపోయిన కథను మాత్రం నలుగురం పంచుకుని చదివాం. ఆ పోకడలేవీ తెలియని పాఠకుడి చేతికి పుస్తకం ఇచ్చి చూడండి, ఏది నిలిచిందో అతను చెబుతాడు.

"షుగర్ షుగర్" పాట గురించి మీరు నాలుగు పేజీలు రాశారు. 1968లో టీవీలో ఆర్చీ కార్టూన్ రావడం, బొమ్మల బృందం పేరుతో విడుదలైన ఆ పాట 1969లో అమెరికాలో పాటల ఆదరణను లెక్కకట్టే బిల్‌బోర్డ్ పట్టికలో నాలుగు వారాలు మొదటి స్థానంలో నిలవడం, నిజంగా పాడిన రాన్ డాంటే ముఖం ఎవరికీ తెలియకపోవడం, 1963 నుంచి మామూలు అమ్మాయిగా ఉన్న జోసీ అనే మరో కామిక్స్ పాత్ర అదే 1969లో చిరుతమచ్చల దుస్తులు వేసుకుని సంగీత బృందం పెట్టడం, అన్నీ సరైన వివరాలే. కామిక్స్ చివరికి పోకడను దాటి ముందుకు పోయాయని మీరు తేల్చారు. అది వ్యాపారం సాధించిన విజయం. కథ సాధించింది కాదు. నాలుగు పేజీలను ఒకటి చేయండి.

మిగిలిన మూడు పేజీలూ కేటీ కీన్ అనే కామిక్స్ పాత్రకు ఇవ్వండి. 1945లో బిల్ వాగన్ మొదలుపెట్టిన ఆ బొమ్మల కథలో కేటీ వేసుకునే గౌన్లను, టోపీలను, చెప్పులను పాఠకులే గీసి పంపేవారు. ఆయన వాటిని కథలో వాడి, ఎవరు పంపారో వారి పేరు, ఊరు ఆ బొమ్మ పక్కనే అచ్చువేసేవాడు. ఎక్కడో చిన్న ఊళ్లో కూర్చుని, కొనలేని గౌనును స్కూలు పుస్తకం చివరి పేజీలో గీసుకున్న ఒక పిల్ల, నెలల తర్వాత దుకాణంలో పుస్తకం తెరిచి, ఆ గౌను కేటీ ఒంటి మీద ఉండటం, పక్కనే తన పేరు ఉండటం చూసిన క్షణాన్ని ఊహించండి. పోకడ వెంట పరుగెత్తడం మాని వాగన్ పాఠకురాలి దగ్గరికే వెళ్లి ఆమెకు ఏం కావాలో అడిగాడు. మీ వ్యాసానికి వెన్నెముక కావలసిన విషయం ఇది, మీరు దీన్ని అధోజ్ఞాపికలో పెట్టారు.

వ్యాసం ఏ పత్రికకు పంపాలి, పుస్తకం చేస్తే ఎవరు వేస్తారు అని అడిగారు. ఆ మాటలు తర్వాత. ముందు పదకొండో పేజీ వాక్యం తీసేయండి.

ఒక్క చోట మాత్రం నా చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. మీ నాన్నగారు అద్దె పుస్తకాల దుకాణం నుంచి తెచ్చి, తిరిగి ఇవ్వకుండా దాచుకున్న డైజెస్టు మీ ఇంట్లో బియ్యం డబ్బా వెనక దొరికిందని, మొదటి పేజీ మీద దుకాణం ముద్ర ఊదారంగులో ఇంకా కనిపిస్తోందని రాశారు. రాసి, రెండు వాక్యాల్లోనే దాన్ని వదిలేసి కామిక్స్ చరిత్రలోకి వెళ్లిపోయారు. ఈ వారం ఆయన దగ్గర కూర్చోండి. రోజుకు అద్దె ఎంత కట్టేవారో, ఆ డబ్బు ఎక్కడ మిగిల్చేవారో, తిరిగి ఇవ్వని పుస్తకానికి ధరావతు ఎంత పోయిందో అడగండి. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి, దాన్ని వ్యాసం మొదట పెట్టి నాకు పంపండి.

ఇట్లు
మీ శ్రేయోభిలాషి