రిగ్‌కి కంప్యూటర్ కలిపితే: హ్యామ్ డేటాపై ప్రశ్నలూ జవాబులూ

ప్రశ్న: హ్యామ్ (అమెచ్యూర్ రేడియో) పరీక్షకి చదువుతున్నాను. రిగ్ (రేడియో సెట్టు) కొనే స్తోమత ఇప్పట్లో లేదు. లైసెన్స్ వచ్చేలోపు ఎఫ్‌టీ8 అనే డేటా పద్ధతి ఎలా ఉంటుందో చూసే దారి ఉందా? – ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: ఉంది, అదీ పైసా ఖర్చు లేకుండా. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయం తన రిసీవర్‌ని వెబ్‌ఎస్‌డీఆర్ రూపంలో ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉంచింది. బ్రౌజర్‌లో తెరిచి 14074 కిలోహెర్ట్జ్, అప్పర్ సైడ్‌బ్యాండ్ (డయల్ ఫ్రీక్వెన్సీకి పైవైపు భాగాన్నే వాడే మోడ్) పెట్టండి. ఆ ధ్వనిని కంప్యూటర్ లోపలే మళ్లించడానికి వీబీ-కేబుల్ లాంటి ఉచిత వర్చువల్ ఆడియో కేబుల్ వేసుకోండి. బ్రౌజర్ అవుట్‌పుట్ దానిలోకి, దాని అవుట్‌పుట్ డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ సాఫ్ట్‌వేర్ ఇన్‌పుట్‌లోకి వెళ్లాలి. మోడ్ ఎఫ్‌టీ8 ఎంచుకుని మానిటర్ నొక్కితే నిమిషంలో లైన్లు పడటం మొదలవుతుంది.

2017లో జో టేలర్, స్టీవ్ ఫ్రాంకీ రూపొందించిన ఈ పద్ధతిలో ప్రతి ప్రసారం గడియారంలో 0, 15, 30, 45 సెకన్ల దగ్గర మొదలై 12.64 సెకన్లు సాగుతుంది. 6.25 హెర్ట్జ్ ఎడంతో ఎనిమిది టోన్లు, మొత్తం వెడల్పు 50 హెర్ట్జ్. అందుకే ఒక్క మాట ఛానెల్ పట్టే చోట పదుల స్టేషన్లు ఇముడుతాయి. ఒక సందేశానికి 77 బిట్లే కాబట్టి కాల్‌సైన్లు (స్టేషన్ల గుర్తింపు పేర్లు), సిగ్నల్ రిపోర్టు, గ్రిడ్ (స్టేషన్ ఉన్న చోటు తెలిపే కోడ్) తప్ప కబుర్లకి చోటు లేదు. సీక్యూ (ఎవరైనా జవాబివ్వండి అనే) పిలుపు చివర ఎంకే97 అని కనిపిస్తే హైదరాబాద్, వరంగల్ వైపు వాళ్లని, ఎన్‌కే06 అయితే విజయవాడ వైపు వాళ్లని గుర్తుపట్టండి. టైపు చేసి మాట్లాడుకోవాలనుంటే జేఎస్8కాల్ లేదా పీఎస్‌కే31 చూడండి.

ప్రశ్న: నా దగ్గర 100 వాట్ల పాత రిగ్ ఉంది. యూఎస్‌బీ లేదు, వెనక 6 పిన్నుల డేటా సాకెట్ ఉంది. ఇంటర్‌ఫేస్ నేనే చేసుకోవచ్చా? – కరీంనగర్

జవాబు: సోల్డరింగ్ వస్తే ఒక పూట పని. కావాల్సినవి ఒక యూఎస్‌బీ సౌండ్ కార్డు, 600:600 ఓమ్‌ల ఆడియో ట్రాన్స్‌ఫార్మర్లు రెండు, పీసీ817 ఆప్టోకప్లర్ (కాంతి ద్వారా సిగ్నల్ దాటించే చిప్) ఒకటి, ఆర్‌ఎస్-232 స్థాయి ఇచ్చే యూఎస్‌బీ–సీరియల్ అడాప్టర్, 1ఎన్4148 డయోడ్ ఒకటి, మూడు రెసిస్టర్లు.

ఈ మినీ-డిన్ సాకెట్‌లో సాధారణంగా 1వ పిన్ను రిగ్‌లోకి వెళ్లే ఆడియో, 2 గ్రౌండ్, 3 పీటీటీ (రిగ్‌ని ప్రసారంలోకి మార్చే లైన్), 5 బయటికి వచ్చే 1200 బాడ్ ఆడియో. అయినా మీ మాన్యువల్ తెరిచి సరిచూసుకున్నాకే వైరు కలపండి. 5వ పిన్ను ఆడియో వాల్యూమ్ నాబ్‌తో మారదు, కనుక స్పీకర్ తగ్గించినా డీకోడింగ్ ఆగదు. దాన్ని ఒక ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా సౌండ్ కార్డు మైక్ ఇన్‌పుట్‌కి ఇవ్వండి. హెడ్‌ఫోన్ అవుట్‌పుట్‌ని రెండో ట్రాన్స్‌ఫార్మర్ దాటించి, సిరీస్‌లో 10 కిలో ఓమ్‌లు, గ్రౌండ్‌కి 100 ఓమ్‌లు పెట్టి 1వ పిన్నుకి కలపండి. వోల్టేజీ వందో వంతుకి దిగుతుంది. ఈ తగ్గింపు లేకపోతే విండోస్ స్లైడర్‌ని 2, 3 శాతం దగ్గర పట్టుకుని అవస్థ పడాలి. ట్రాన్స్‌ఫార్మర్లు మానేస్తే కంప్యూటర్, రిగ్ గ్రౌండ్‌లు రెండు దారుల్లో కలిసి వాటర్‌ఫాల్‌లో (సాఫ్ట్‌వేర్‌లో సిగ్నళ్లు గీతలుగా కనిపించే తెరలో) 50, 100 హెర్ట్జ్ హమ్ గీతలు పడతాయి.

పీటీటీకి సీరియల్ అడాప్టర్ ఆర్‌టీఎస్ లైన్‌ని 1 కిలో ఓమ్ ద్వారా పీసీ817 1వ కాలికి, సీరియల్ గ్రౌండ్‌ని 2వ కాలికి ఇవ్వండి. డయోడ్‌ని ఆ రెండు కాళ్ల మధ్య తిరగేసి పెట్టాలి. ఆర్‌టీఎస్ నెగటివ్‌లోకి దిగినప్పుడు లోపలి ఎల్‌ఈడీని కాపాడేది అదే. 4వ కాలు పీటీటీకి, 3వ కాలు రిగ్ గ్రౌండ్‌కి. విండోస్ మొదలయ్యేటప్పుడు ఆర్‌టీఎస్ ఒక్కసారి పైకి లేచి రిగ్‌ని ప్రసారంలోకి నెట్టవచ్చు, కాబట్టి కంప్యూటర్ పూర్తిగా లేచాకే రిగ్ ఆన్ చేయండి. మీ లైసెన్స్‌లో డేటా ఎమిషన్లకి అనుమతి ఉందో లేదో, ఎంత పవర్‌కి ఉందో ముందే చూసుకోండి.

ప్రశ్న: నా సిగ్నల్ వాటర్‌ఫాల్‌లో రెండు మూడు చోట్ల కనిపిస్తోందని తోటి హ్యామ్‌లు అంటున్నారు. పవర్ తగ్గించినా పోవడం లేదు. – గుంటూరు

జవాబు: తగ్గించాల్సింది వాట్లు కాదు, ఆడియో. మీరు 700 హెర్ట్జ్ దగ్గర ప్రసారం చేస్తున్నారనుకోండి. ఆడియో ఎక్కువై ఏదో ఒక దశలో క్లిప్ అయితే, అంటే తరంగం కొనలు తెగితే, 1400, 2100 దగ్గర హార్మోనిక్‌లు పుడతాయి. అవి రెండూ రిగ్ ఫిల్టర్ దాటగలిగినవే కనుక మీ ఒక్కరి సిగ్నల్ మూడు చోట్లు ఆక్రమిస్తుంది. రిగ్ పవర్ నాబ్ తగ్గిస్తే ఆ మూడూ కలిసే తగ్గుతాయి తప్ప వాటి మధ్య తేడా అలాగే ఉంటుంది.

ఇలా సరిచేయండి. స్పీచ్ ప్రాసెసర్ ఆపేయండి. యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ (పవర్‌ని వేడిగా మార్చే రెసిస్టర్) పెట్టి రిగ్ పవర్ 30 వాట్లకి దించండి. ట్యూన్ నొక్కి, సాఫ్ట్‌వేర్‌లో పవర్ స్లైడర్‌ని అడుగు నుంచి మెల్లగా పైకి జరపండి. వాట్లు పెరిగి పెరిగి ఒక చోట ఆగిపోతాయి. ఏఎల్‌సీ (పవర్ హద్దు దాటకుండా రిగ్ తానే తగ్గించుకునే ఏర్పాటు) పట్టుకున్న చోటు అదే. అక్కడి నుంచి వాట్లు కాస్త దిగేదాకా వెనక్కి లాగండి, ఏఎల్‌సీ సూది లేవకూడదు. బ్యాండ్ మారితే మళ్లీ చూసుకోవాలి. ఇక సెట్టింగ్స్‌లో స్ప్లిట్‌ని రిగ్ లేదా ఫేక్ ఇట్‌కి మార్చండి. అప్పుడు సాఫ్ట్‌వేర్ రిగ్ డయల్‌ని తానే జరుపుతూ ఆడియోని ఎప్పుడూ 1500–2000 హెర్ట్జ్ మధ్య ఉంచుతుంది. రెండో హార్మోనిక్ 3000 దాటి ఫిల్టర్‌లోనే ఆగిపోతుంది. దీనికి రిగ్‌కి క్యాట్ కేబుల్ (కంప్యూటర్ నుంచి రిగ్‌ని నడిపే కేబుల్) ఉండాలి. ఆ కేబుల్ మీద డబ్బు పెట్టడం ఎంతమాత్రం వృథా కాదు.

విండోస్‌లో డిఫాల్ట్ స్పీకర్‌గా రిగ్ సౌండ్ కార్డు ఉండనివ్వకండి, లేకపోతే మెయిల్ వచ్చిందని మోగే గంట శబ్దం కూడా గాల్లోకి వెళ్తుంది. 100 వాట్ల రిగ్‌ని ఎఫ్‌టీ8లో 25–30 వాట్లు దాటించొద్దు. మాటలో లాగా మధ్యలో విరామం ఉండదు, 12.64 సెకన్లూ ఫైనల్ ట్రాన్సిస్టర్లు పూర్తి భారం మోస్తాయి.

ప్రశ్న: వాటర్‌ఫాల్ నిండా సిగ్నళ్లే, ఒక్కటీ డీకోడ్ కాదు. – వరంగల్

జవాబు: ముందు గడియారం చూడండి. రెండు సెకన్లకి మించి తేడా ఉంటే ఏదీ డీకోడ్ కాదు, ఒక సెకను లోపల ఉంచడం మంచిది. ఇంటర్నెట్ సమయంతో సింక్ చేశాక డీటీ (సెకన్లలో సమయపు తేడా) కాలమ్ గమనించండి. అందరిదీ 1.4 అని చూపిస్తే తప్పు మీ గడియారానిదే, ఒక్కరిదే అలా ఉంటే వాళ్లది. గడియారం సరిగానే ఉంటే రిగ్ లోయర్ సైడ్‌బ్యాండ్‌లో ఉందేమో చూడండి. 7074 దగ్గర మాటకి అలవాటుగా అదే వాడతారు, ఎఫ్‌టీ8కి అక్కడ కూడా అప్పరే.

ప్రశ్న: ప్రసారం మొదలుకాగానే మౌస్ ఆగిపోతుంది, సీరియల్ పోర్టు మాయమవుతుంది. మేడ మీద 20 మీటర్ల బ్యాండ్‌కి డైపోల్ (రెండు చేతుల తీగ యాంటెన్నా) వేశాను. – విశాఖపట్నం

జవాబు: కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) లోహపు పైతొడుగు మీద ఆర్ఎఫ్ (రేడియో శక్తి) ఇంట్లోకి వచ్చేస్తోంది. 5 వాట్ల దగ్గర అంతా సవ్యంగా ఉండి 30 దగ్గర చెడితే ఇక అనుమానం అక్కర్లేదు. డైపోల్ మధ్యలో, అంటే ఫీడ్ పాయింట్ దగ్గరే, ఎఫ్‌టీ240-43 ఫెరైట్ రింగు మీద ఆర్‌జీ-58 కోయాక్స్‌ని 10–12 చుట్లు తిప్పి చోక్ (ఆ ఆర్ఎఫ్‌ని అడ్డుకునే చుట్ట) పెట్టండి. యూఎస్‌బీ కేబుల్ పొట్టిది వాడి, దాన్నీ ఒక ఫెరైట్‌లోంచి నాలుగైదు చుట్లు తిప్పండి. 14.074 మెగాహెర్ట్జ్‌కి డైపోల్ ఒక్కో చేయి దాదాపు 5.07 మీటర్లు. కాస్త పొడుగ్గా కోసి, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి తిరిగొచ్చే పవర్‌ని చూపే కొలత) చూస్తూ రెండు వైపులా సమంగా కత్తిరించండి.

ప్రశ్న: 5 వాట్ల వీహెచ్‌ఎఫ్ హ్యాండీతో (చేతి రేడియోతో) అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ద్వారా ప్యాకెట్ (చిన్న డేటా సందేశం) పంపడం సాధ్యమేనా? – తిరుపతి

జవాబు: అక్కడి డిజిపీటర్ (అందిన ప్యాకెట్‌ని తిరిగి ప్రసారం చేసే పరికరం) పనిచేస్తున్న రోజుల్లో సాధ్యమే. ఫ్రీక్వెన్సీ 145.825 మెగాహెర్ట్జ్ ఎఫ్ఎం, 1200 బాడ్, పాత్ (ప్యాకెట్‌లో రాసే రిలే పేరు) ఏఆర్‌ఐఎస్‌ఎస్. ఈ బ్యాండ్‌లో డాప్లర్ మార్పు (కేంద్రం వేగం వల్ల ఫ్రీక్వెన్సీ జరగడం) 3.5 కిలోహెర్ట్జ్ లోపే కనుక ట్యూనింగ్ మార్చక్కర్లేదు. ఫోన్‌లో ఏపీఆర్‌ఎస్‌డ్రాయిడ్, లేదా ల్యాప్‌టాప్‌లో డైర్‌వుల్ఫ్ చాలు.

రబ్బరు యాంటెన్నా పక్కన పెట్టండి. ఎస్ఓ-239 సాకెట్ మధ్య పిన్నుకి 49 సెంటీమీటర్ల నిలువు కడ్డీ, నాలుగు మూలల రంధ్రాలకి 51 సెంటీమీటర్ల కడ్డీలు 45 డిగ్రీలు కిందికి వంచి బిగించండి. స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు ధ్వనిని మూసే ఏర్పాటు) పూర్తిగా తెరిచే ఉంచాలి, లేకపోతే అది తెరుచుకునేలోపే ప్యాకెట్ తల తెగిపోతుంది. ప్రసారంలోనూ అదే సమస్య ఉంది కాబట్టి టీఎక్స్ డిలే (ప్రసారం మొదలయ్యాక ప్యాకెట్‌కి ముందు ఆగే సమయం) 300 మిల్లీసెకన్లు ఇవ్వండి, వాక్స్ (ధ్వని రాగానే ప్రసారం మొదలయ్యే ఏర్పాటు) మీద ఆధారపడితే ఇంకాస్త ఎక్కువ. కేంద్రం తలమీదుగా వెళ్లేది దాదాపు పది నిమిషాలు. మొదటి పాస్‌లన్నీ వినడానికే వాడి, ప్యాకెట్లు డీకోడ్ అయ్యాకే పంపండి. ఒక్కసారి పంపి కనీసం అర నిమిషం ఆగండి, ఎందుకంటే ఆ ఒక్క ఛానెల్‌నే కింద వేల కిలోమీటర్ల మేర హ్యామ్‌లు పంచుకుంటున్నారు.