రోజుకి అరగంట డాబా

16 ఏప్రిల్ 2020

చి. చిన్నాకి పెద్దమ్మ ఆశీస్సులు.

ఈ కరోనా లాక్‌డౌన్‌లో పోస్టు సంగతి తెలిసిందేగా, అందుకే కాగితం మీద రాసి ఫొటోలు తీయించి వాట్సాప్‌లో పంపిస్తున్నాను. అక్షరాలు అలుక్కుపోయినచోట ఫోన్ చేసి అడుగు.

మొన్న నువ్వడిగిందానికే జవాబు. లాక్‌డౌన్ మే 3 దాకా పొడిగించారు, ఆఫీసు పని ఇంట్లోంచే అయిపోతోంది, మిగతా టైము గడవట్లేదన్నావు. టైము ఎక్కువైపోయి కాదురా గడవనిది. సరిగ్గా ఉగాది నాడు, మార్చి 25న తలుపులు వేసుకున్నాం. అప్పట్నుంచి ఏ రోజైనా ఒకటే. బస్సు టైము లేదు, శనివారం సంత లేదు, ఆదివారం చుట్టాలు లేరు. నీకు కావలసింది టైము నింపే పని కాదు. ఇవాళ్టికీ రేపటికీ తేడా చూపించే పని. అది రోజుకి పావుగంటో అరగంటో అడగాలి, తొందరపెడితే మాట వినకూడదు. ఒక్క పూటలో అయిపోయేదీ వద్దు, రోజంతా మింగేసేదీ వద్దు. ఒకేసారి మూడు ఆన్‌లైన్ కోర్సుల్లో చేరావని మీ ఆవిడ చెప్పింది. రెండు మానెయ్యి. ఆవకాయ గురించి కూడా ఇందులో రాయడం లేదు. అది ఒక్కరోజు పని, తేడా వస్తే ఐదు కిలోల కాయ నష్టం. మొదటిసారికి ఫోన్లో నేర్చుకునే పని కాదది.

మీ అపార్ట్‌మెంటు డాబా అందరిదీ కనక ముందు సెక్రటరీగారిని అడుగు. ఒక ఇంటివాళ్లున్న వేళకి ఇంకొకరు రాకుండా టైములు పంచుకోండి. మెట్ల మీద మాస్కు ఉండాలి, పిట్టగోడ ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి. ఇంట్లో ఎవరికైనా జ్వరం గానీ దగ్గు గానీ ఉంటే డాబా మాటే వద్దు, బాల్కనీతో సరిపెట్టుకో.

మొదట ఆకుకూరలు. నర్సరీలు మూసేశారని కూర్చోకు. విత్తనం లేకుండా వచ్చేవి నీ కూరల బండి మీదే ఉన్నాయి: పొన్నగంటి, బచ్చలి, పుదీనా, గంగపాయలకూర (మీ హైదరాబాదులో గంగవాయిలి అంటారు). కట్ట కొన్నప్పుడు ఆకు దూసుకుని, ముదురు కాడలు ఓ పది పక్కన పెట్టు. జానెడు పొడవుంటే చాలు. కింది ఆకులు తీసేసి, రెండు కణుపులు మట్టిలోకి పోయేలా గుచ్చాలి. వేరు పుట్టేది కణుపు దగ్గరే. కణుపు పైనే ఉండిపోతే కాడ కుళ్లిపోతుంది. బచ్చలి మాత్రం మూరెడు ముక్క పెట్టు. పుదీనాని ముందు గ్లాసు నీళ్లలో ఉంచి రోజూ నీళ్లు మార్చు, వారంలో తెల్లటి వేళ్లు కనపడతాయి, అప్పుడు మట్టిలోకి మార్చు. ఏది నాటినా మొదటి నాలుగైదు రోజులు నీడలోనే. నాటిన రోజే ఏప్రిల్ ఎండలో పెడితే సాయంత్రానికి వాలిపోతాయి. నువ్వేమో నీళ్లు చాల్లేదనుకుని ఇంకా పోస్తావు, దాంతో చచ్చిపోతాయి.

గింజల్లో పోపులపెట్టెలోని మెంతులు చాలు. రెండు చెంచాలు రాత్రి నానబెట్టి, పొద్దున్నే దగ్గరదగ్గరగా చల్లి, గోరు మందాన మట్టి కప్పి, పైన తడి గోనెపట్టా పరుచు. మూడు నాలుగు రోజుల్లో మొలుస్తాయి. మొలక తల కనపడిన పూటే పట్టా తీసెయ్యాలి. ఒక్క రోజు ఆలస్యమైతే మొలకలు పాలిపోయి, సన్నగా సాగి, నీళ్లు చల్లగానే పడుకుంటాయి. వీటిని తూర్పు బాల్కనీలోనే పెంచు, మధ్యాహ్నపు ఎండకి తట్టుకోవు. పన్నెండు పదిహేను రోజులకి కత్తెరతో కోసుకోవచ్చు. ధనియాలు మాత్రం ఇప్పుడు చల్లకు. మీ ఆవిడకి కొత్తిమీర మీద మోజున్నా సరే, ఈ వేడికి సరిగా మొలవదు, మొలిచినా నాలుగు ఆకులు వేసి పువ్వుకి తిరిగిపోతుంది. వానలు పడి చల్లబడ్డాక చూసుకోండి. తోటకూర విత్తనం ఎక్కడైనా చిటికెడు దొరికితే గుప్పెడు పొడి ఇసకలో కలిపి చల్లు. ఊరికే చల్లితే అంతా ఒక్కచోటే పడుతుంది. అది ఎండని ప్రేమించే మొక్క, నెలలోపే కోతకొస్తుంది. చీమలు గింజలు మోసుకుపోతాయి కనక మొలిచేదాకా రోజూ ఓ కన్నెయ్యి.

ఆకుకూరకి లోతు ఆరంగుళాలు చాలు. పళ్లు వచ్చే థర్మోకోల్ పెట్టె గానీ, పాతిక కిలోల బియ్యం సంచీని సగానికి మడిచి గానీ వాడుకో. అడుగున అరడజను చిల్లులు తప్పవు. చిల్లుల్లేని బకెట్‌లో మొక్క ఎండకి కాదు, నీళ్లకి చస్తుంది. మట్టి కాంపౌండులో చెట్ల మొదళ్ల దగ్గర తవ్వుకో, ఇల్లు కట్టినప్పుడు సిమెంటు కలిపిన చోట మాత్రం వద్దు. మూడొంతుల మట్టికి ఒక వంతు నలిపిన ఎండాకు కలుపు. పెయింటు బకెట్లు వాడితే గుర్తుంచుకో, 20 లీటర్ల బకెట్ తడి మట్టితో 30 కిలోలు దాటుతుంది. డాబా నడిమధ్య వరసగా పేర్చకుండా గోడవార పెట్టు. కింద రెండేసి ఇటుకలు పెడితే నీళ్లు నిలవవు, పై అంతస్తువాళ్లు నీ మీదకి రారు. నీళ్లు పొద్దున ఏడులోపే. వేలు రెండో కణుపుదాకా మట్టిలో గుచ్చి, తడి తగిలితే ఆ పూటకి మానెయ్యి. మధ్యాహ్నం అసలు పొయ్యకు, ట్యాంకు నీళ్లు కాలిపోతుంటాయి.

కూర తొక్కలూ టీపొడీ పారెయ్యక చిల్లుల బకెట్‌లో వెయ్యి. ఒక గుప్పెడు తొక్కలకి రెండు గుప్పెళ్ల ఎండాకు గానీ చింపిన న్యూస్‌పేపరు గానీ. కంపు కొడితే తడి ఎక్కువైనట్టు, చీమలు పడితే పొడి ఎక్కువైనట్టు. అన్నం, కూర, నూనె వెయ్యద్దు. రెండు నెలలకి ఎరువవుతుంది.

ఇక వడియాలు. ఇంత ఎండని ఊరికే పోనివ్వడం నాకు నచ్చదు. మొదటి వారం సగ్గుబియ్యంతో చెయ్యి పెట్టు. ఒక గ్లాసు సగ్గుబియ్యం మూడు నాలుగు గంటలు నానబెట్టి, ఆరు గ్లాసుల నీళ్లలో గింజ అద్దంలా అయ్యేదాకా ఉడికించు. అడుగంటుతుంది, గరిటె వదలకు. పచ్చిమిర్చి ముద్ద, జీలకర్ర, ఉప్పు వేసి, గోరువెచ్చగా అయ్యాక ప్లాస్టిక్ షీటు మీద గరిటెతో పెట్టు. రెండు ఎండలు చాలు. ఉప్పు విషయంలోనే అందరూ తప్పుతారు. గంజిలో సరిపోయింది అనిపించిందంటే వడియంలో ఎక్కువైనట్టే, నీరంతా ఆవిరై ఉప్పు మిగులుతుంది కనక. నాలిక్కి చప్పగా తగలాలి.

చెయ్యి కుదిరాక గుమ్మడి వడియాలకి రా. మూడు కిలోల బూడిద గుమ్మడికాయకి అరకిలో మినప్పప్పు. కాయమీది బూడిద కడిగేసి, గింజలు తీసి, తొక్కతోనే చిన్న ముక్కలు తరుగు. తొక్క తీస్తే ముక్క ముద్దయిపోతుంది. ఉప్పూ పసుపూ కలిపి, పాత పంచెలో మూటకట్టి, జల్లెడలో పెట్టి, పైన నీళ్ల బిందె బరువుంచి రాత్రంతా వదిలెయ్యి. అసలు పని ఇదే. నీరు పూర్తిగా దిగకపోతే పొద్దున పిండి జావయి, వడియం పలకలా పరుచుకుని గట్టిపడుతుంది. దిగిన నీళ్లు ఉప్పువి, మొక్కలకి పొయ్యకు.

పప్పు రాత్రి పడుకోబోయే ముందు నానబెట్టు. ఈ వేడిలో ఐదు గంటలు దాటితే పులుపెక్కుతుంది. తెల్లారుజామునే లేచి, నీళ్లు చిలకరించుకుంటూ గారెలపిండి కన్నా గట్టిగా రుబ్బు. చిటికెడు తీసి నీళ్లలో వేస్తే తేలాలి. మునిగితే పిండిలో గాలి చేరలేదన్నమాట, చేత్తో ఇంకో పది నిమిషాలు గిలక్కొట్టు. అప్పుడు ముక్కలూ, పచ్చిమిర్చి ముద్దా, ఇంగువా కలుపు. ముక్కల్లో ఉప్పుంది, రుచి చూడకుండా మళ్లీ వెయ్యకు. ఎనిమిదిలోపే గుడ్డ మీద ఉసిరికాయంతేసి పెట్టేసుకోవాలి. నాలుగు మూలలా ఇటుకలు, చుట్టూ ఎండుమిరపకాయలు. కాకులకి మిరపకాయల భయముందో లేదో గానీ పైన దోమతెర కట్టడం మాత్రం మర్చిపోకు. రెండో రోజు గుడ్డ వెనక నీళ్లు చల్లి ఊడదీసి తిరగెయ్యి. నాలుగో రోజు ఒకటి విరిచి చూడు. మధ్యలో వేలికి మెత్తగా తగిలితే ఇంకో ఎండ కావాలి, లేదంటే డబ్బాలో బూజు పడుతుంది. మొదటిరోజే మబ్బుపట్టిందా, ఏడవక్కర్లేదు, ఆ పిండంతా పునుగుల్లా వేయించుకుని తినెయ్యండి.

వడియాలకి ఎలాగూ మధ్యాహ్నం పైకెళ్తావు కనక పాపని తీసుకెళ్లు. ఇసక పైన మీటరు ఎత్తు మిగిలేలా కర్ర ఒకటి ఇసక బకెట్‌లో నిలబెట్టు. దారానికి తాళంచెవి కట్టి వేలాడదీసి కర్ర నిట్టనిలువుగా ఉందో లేదో సరిచూడు. కర్ర చివర ఒక సెంటీమీటరు వాలితే లెక్క కూడా ఒక సెంటీమీటరు తప్పుతుంది. పన్నెండు నుంచి పన్నెండున్నర మధ్య మూడేసి నిమిషాలకోసారి నీడ కొస దగ్గర ఇసకలో పుల్ల గుచ్చి గుర్తుపెట్టి, అన్నిటికన్నా పొట్టి నీడని ఇసక పైనుంచి స్కేలుతో కొలిచి పుస్తకంలో తేదీతో రాయమను. ఈ వారం అది ఉత్తరం వైపు 13 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. రోజూ తగ్గుతూ, మే 9 ప్రాంతంలో, 12 గంటల 12 నిమిషాల వేళ హైదరాబాదులో నీడే మాయమైపోతుంది. తర్వాత నీడ దక్షిణానికి తిరుగుతుంది. ఈ సంగతి పాపకి ముందే చెప్పకు, అంకెలు చూసి తనే పట్టుకోవాలి. టోపీ, చెప్పులు, మంచినీళ్లు ఉండాలి, గుర్తుకీ గుర్తుకీ మధ్య మెట్ల నీడలోకి రావాలి, పిట్టగోడ దగ్గరికి వెళ్లనివ్వకు.

సాయంత్రాలు మీ మామ్మగారికి. వారానికి రెండుసార్లు, ఇరవై నిమిషాలు మించకుండా, ఆవిడ టిఫినయ్యాక ఫోన్ చెయ్యి. నీ ఫోను స్పీకరు మీద పెట్టి, పక్కన మీ ఆవిడ ఫోన్లో రికార్డు చెయ్యి, చేస్తున్నానని మామ్మగారికి ముందే చెప్పు. “నీ చిన్నప్పటి సంగతులు చెప్పు మామ్మా” అని అడిగితే “ఏముందిరా చెప్పడానికి” అంటారు. మీ ఇంట్లో నుయ్యి ఎటువైపుండేది, ధాన్యం ఎక్కడ పోసేవారు, దీపాలు ఎవరు తుడిచేవారు అని అడుగు. ఆవిడ చెప్తుంటే ఇంటి పటం గీసుకో. మర్నాడు ఆ పటం ఫొటో పంపితే తప్పులు దిద్దడానికి ఆవిడే ఫోన్ చేస్తారు.

వంశవృక్షం పైనుంచి మొదలెట్టకు, చిక్కుపడుతుంది. ఒక తరంలోని అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ మొత్తం అయ్యాకే పైకెక్కు. ఆడవాళ్ల పుట్టింటి ఇంటిపేర్లు ముందు రాసుకో, మొదట మాయమయ్యేవి అవే. ఏ సంవత్సరమో గుర్తులేదంటే ఏదైనా పెద్ద సంఘటనకి ముందా తరవాతా అని అడుగు: 1977 నవంబరు దివిసీమ ఉప్పెన, 1980 ఫిబ్రవరి సూర్యగ్రహణం, 1986 గోదావరి వరద, 1996 నవంబరు కోనసీమ తుఫాను. గోదావరి పుష్కరాలైతే 1991, 2003, 2015.

పాతవాళ్లు సంవత్సరం పేరు చెప్తారు. పేర్లు అరవై, 1987 ఉగాదికి ప్రభవ మొదలైంది, అక్కడి నుంచి వేళ్ల మీద లెక్కపెట్టుకో, అరవై తీసేస్తే వెనకటి చుట్టు వస్తుంది. ఈ 2020 శార్వరికి ముందు శార్వరి 1960. ఎవరైనా ఖర నామ సంవత్సరంలో పుట్టామంటే 1951. కాకపోతే నెల అడగడం మర్చిపోకు. సంవత్సరం మారేది ఉగాదికి కనక, ఖరలో మాఘమాసంలో పుట్టినవాళ్లకి ఇంగ్లీషు లెక్కలో 1952 వస్తుంది. ఆధార్ కార్డులో ఇంకోటి ఉంటుంది, దాన్ని పట్టించుకోకు.

పొన్నగంటి చిగురేశాక ఫొటో పెట్టు. మామ్మగారికి నా నమస్కారాలు చెప్పు. పాపకి ముద్దులు.

మీ పెద్దమ్మ