అంటియోక్ ప్రభువుల ఇంటి ఆడవాళ్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: క్రూసేడుల (జెరూసలేము కోసం ఐరోపా క్రైస్తవులు చేసిన మతయుద్ధాల) నాటి అంటియోక్ సంస్థానంలో ఆలిస్, కాన్‌స్టన్స్ అనే తల్లీకూతుళ్లు ఇద్దరూ చిన్న వయసులోనే భర్తలను పోగొట్టుకున్నారు. తల్లి పాలించబోయి భంగపడిందనీ, కూతురు తన పంతం నెగ్గించుకుందనీ చదివాను. ఇంత తేడా ఎందుకు వచ్చింది? బైబిలులోని అంతియొకయ ఇదేనా?
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: రెండవదానికి ముందుగా చెబుతాను: అదే. శిష్యులను మొట్టమొదట క్రైస్తవులని పిలిచిన ఆ నగరమే నేటి టర్కీలోని అంతాక్యా. 1098లో క్రూసేడు సేనలు దానిని పట్టుకున్నాక దక్షిణ ఇటలీ నార్మన్ నాయకుడు బొహెమండ్ అక్కడ ప్రభువయ్యాడు.

ఇక అసలు సంగతి. ఆలిస్ ఆ ఇంటికి కోడలు, కాన్‌స్టన్స్ వారసురాలు. తేడా అంతా అక్కడే ఉంది. మీ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో వారసుడు మైనరైతే జమీందారీని కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చేతిలో పెట్టేవారని పెద్దల నోట వినే ఉంటారు. అంటియోక్‌లో ఆ పెత్తనం జెరూసలేము రాజు చేసేవాడు. 1130లో ఆలిస్ భర్త రెండవ బొహెమండ్ అంటియోక్‌కు ఉత్తరాన ఉన్న సిలీసియాలో చంపబడేనాటికి కాన్‌స్టన్స్‌కు రెండేళ్లు. అప్పటి జెరూసలేము రాజు రెండవ బాల్డ్విన్ ఆలిస్‌కు కన్నతండ్రే. అయినా కూతురు తండ్రి రాకముందే పగ్గాలు చేపట్టి, ఆయన వచ్చేసరికి నగర ద్వారాలు మూయించింది.

ఆమె మోసుల్ పాలకుడు జెంగీ సాయం కోరుతూ, వెండి లాడాలు, వెండి కళ్లెం ఉన్న తెల్లని గుర్రాన్ని దూత వెంట కానుకగా పంపిందనీ, దారిలో పట్టుబడిన ఆ దూత అంతా ఒప్పుకున్నాడనీ టైర్ ఆర్చిబిషప్పు విలియం రాశాడు. అయితే విలియం కొన్ని దశాబ్దాల తరువాత రాసినవాడు, పైగా ఆలిస్ అంటే ఏ మాత్రం సానుభూతి లేనివాడు కనుక, ఈ కథను కొంత తగ్గించి చదవడమే మంచిదని నా అభిప్రాయం. చివరకు నగరవాసులే తలుపులు తీశారు. బాల్డ్విన్ పసిపాప పేరిట ప్రమాణాలు చేయించి, పెళ్లినాడు భర్త రాసిచ్చిన లటాకియా, జబలా పట్టణాలకు కూతురిని పంపేశాడు.

1135లో అక్క మెలిసెండ్ మాట సాయంతో ఆలిస్ తిరిగి వచ్చింది. ఆ మరుసటి ఏడు ఫ్రాన్సు ప్రభు కుటుంబీకుడు పాయిటియర్స్ రేమండ్ వచ్చినప్పుడు, అతడు వచ్చింది ఆమెను పెళ్లాడటానికేనని నగర చర్చి పెద్ద అయిన పాట్రియార్కు రాల్ఫ్ ఆమెను నమ్మించాడు. ఆమె కోటలో పెళ్లి ఏర్పాట్లలో ఉండగా, అటు చర్చిలో రేమండ్‌కు సుమారు ఎనిమిదేళ్ల కాన్‌స్టన్స్‌తో వివాహం జరిపించేశారు. ఆలిస్ లటాకియాకు మరలిపోక తప్పలేదు.

కాన్‌స్టన్స్ విషయంలో ఆటే తిరగబడింది: అక్కడ పెళ్లి వల్ల ప్రభువులైనవారు మగవాళ్లు. 1149లో ఇనాబ్ వద్ద యుద్ధంలో రేమండ్ మరణించాక ఆమె మళ్లీ ఎవరిని చేసుకుంటే వారే అంటియోక్ ప్రభువు గనుక, జెరూసలేము రాజు మూడవ బాల్డ్విన్ ముగ్గురిని చూపించాడు, బైజాంటియం చక్రవర్తి మాన్యుయేల్ తన బంధువును పంపాడు. ఆమె ఎవరినీ ఒప్పుకోక, 1153లో పెద్ద ఆస్తిపాస్తులేవీ లేని రెనాల్డ్ అనే యోధుణ్ని చేసుకుంది. ఇంత గొప్పింటి ఆడది అలాంటివాణ్ని ఏరుకోవడం ఏమిటని విలియం ఆశ్చర్యపోయాడు.

అయితే పంతం నెగ్గించుకుందన్న మీ మాటకు చిన్న సవరణ. రెనాల్డ్ శత్రువులకు చిక్కి చెరలో పడ్డాక పాలన తనదేనని ఆమె పట్టుబట్టింది కానీ, సామంతులు ఆమె కొడుకు మూడవ బొహెమండ్ వైపు నిలిచి ఆమెను తప్పించారు.

ప్రశ్న: అంటియోక్ చివరి ప్రభువు భార్య ఎవరు?
— ఒక పాఠకుడు, సిరొంచ

జవాబు: సిలీసియా ఆర్మీనియా రాజు మొదటి హెథుమ్ కుమార్తె సిబిల్లా. 1254లో ఆరవ బొహెమండ్‌తో జరిగిన ఆ పెళ్లితో రెండు ఇళ్ల పాత పగ చల్లారింది. 1268 మే 18న ఈజిప్టు మమ్లూక్ సుల్తాన్ బైబర్స్ అంటియోక్‌ను పట్టుకునేనాటికి బొహెమండ్ తన మరో సంస్థానమైన ట్రిపోలీలో (నేటి లెబనాన్‌లోనిది) ఉన్నాడు. ఆపైన అతనికి మిగిలింది దాదాపు ఆ ట్రిపోలీయే. 1275లో అతడు మరణించగానే, బాలుడైన ఏడవ బొహెమండ్ తరఫున పాలన తనదేనని సైప్రస్ రాజు మూడవ హ్యూ బయలుదేరాడు. అతడు చేరేలోపే సిబిల్లా ఆ పదవి చేపట్టి, పిల్లవాణ్ని తన సోదరుడి ఆస్థానానికి పంపేసి, రోజువారీ పాలనను టోర్టోసా బిషప్పుకు అప్పగించింది.